సమ్మతి ఎవరిది, సంతకం ఎవరిది? – ఖమ్మం హెచ్‌పీవీ టీకా అధ్యయన పత్రాల భాషపై విమర్శ

వ్యాససంగ్రహం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో 2009 జూలైలో మొదలైన హెచ్‌పీవీ టీకా అధ్యయనం 2010 ఏప్రిల్‌లో కేంద్రప్రభుత్వ ఆదేశంతో నిలిచిపోయింది. ప్రజారోగ్యరంగంలోని నైతిక వైఫల్యాలను చర్చించేటప్పుడు తరచుగా ప్రస్తావనకు వచ్చే ఘట్టమిది. వైద్యనీతి, న్యాయశాస్త్రం, స్త్రీ అధ్యయనాల పరంగా దీనిపై చర్చ జరిగింది. అధ్యయనానికి పెట్టిన పేరు, సమ్మతి పత్రం, ప్రధానోపాధ్యాయులకు వెళ్ళిన ఆదేశం, తరువాత వచ్చిన నివేదికలు – వీటిని పాఠ్యాలుగా స్వీకరించి, వాటిలో ఏ పదం ఎక్కడ తన అర్థాన్ని వదులుకుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అందుకు అలంకారశాస్త్రంలోని లక్షణావృత్తి చర్చను సాధనంగా ఉపయోగించుకుంటుంది.

కీలకపదాలు: సమ్మతి, హెచ్‌పీవీ టీకా, ఖమ్మం, ఆశ్రమ పాఠశాల, వేలిముద్ర, లక్షణ, స్థాయీసంఘం, ప్రజారోగ్యం.

1. ఉపోద్ఘాతం

ప్రభుత్వ వైద్యంలో మోసం అనగానే లేని రోగికి బిల్లు రాయడం, నాసిరకం మందులు కొనడం, లంచం పుచ్చుకోవడం వంటివి గుర్తుకువస్తాయి. వీటిని పట్టుకోవడానికి తనిఖీలున్నాయి, శిక్షించడానికి చట్టముంది. రూపాయి చేతులు మారకుండా, బొంకు మాట ఒక్కటీ పలకకుండా జరిగే అన్యాయం మరొకటి ఉంది. అది కాగితం మీద సక్రమంగానే కనిపిస్తుంది. సంతకం ఉంటుంది, ముద్ర ఉంటుంది, ప్రభుత్వ చిహ్నం ఉంటుంది. సంతకం చేయవలసిన మనిషి మాత్రం ఉండదు. ఖమ్మం వ్యవహారం ఈ రెండో కోవకు చెందింది.

విషయం క్లుప్తంగా ఇది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ప్రధాన కారణమైన హ్యూమన్ పాపిలోమా వైరస్‌ను నిరోధించే రెండు టీకాలకు 2008లో మన దేశంలో అనుమతి లభించింది. అమెరికాలోని సియాటిల్ కేంద్రంగా పనిచేసే పాథ్ అనే స్వచ్ఛంద సంస్థ, భారత వైద్య పరిశోధన మండలితోనూ రెండు రాష్ట్రప్రభుత్వాలతోనూ కలిసి ఈ టీకాలపై ఒక అధ్యయనం చేపట్టింది. నిధులు బిల్ అండ్ మెలిండా గేట్స్ ఫౌండేషన్‌వి. టీకాలను తయారీ సంస్థలు ఉచితంగా ఇచ్చాయి. ఇదే పథకం పెరూ, ఉగాండా, వియత్నాం దేశాల్లో కూడా నడిచింది. మన దేశంలో గుజరాత్‌లోని వడోదర జిల్లాను, ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాను ఎంచుకున్నారు. ఖమ్మంలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ వయసున్న సుమారు 14,000 మంది బాలికలకు గార్డసిల్ టీకా ఇచ్చారు. వారిలో ఆశ్రమ పాఠశాలల్లో చదువుకునే గిరిజన బాలికలు గణనీయంగా ఉన్నారు. 2010 మార్చిలో ‘సమ’ అనే మహిళా ఆరోగ్య సంస్థ బృందం భద్రాచలం వచ్చి పరిశీలించడంతో విషయం బయటికి పొక్కింది. మరుసటి నెలలో అధ్యయనం ఆగిపోయింది.

టీకా మంచిదా చెడ్డదా అన్నది ఈ వ్యాసానికి ప్రశ్న కాదు. ప్రపంచవ్యాప్తంగా పోగైన ఆధారాలు దాని భద్రతనూ ప్రయోజనాన్నీ సమర్థిస్తున్నాయి. మంచి వస్తువును ఇచ్చేటప్పుడు కూడా అడగవలసి ఉంటుందా, అడిగినట్లు కాగితం పుట్టిస్తే సరిపోతుందా అన్నదే ఇక్కడి ప్రశ్న.

2. పేరులోని పరమార్థం

ఈ పథకానికి అధికారికంగా పెట్టిన పేరులో రెండు మాటలు కీలకం: అనుమతి అనంతర ‘పరిశీలనాత్మక అధ్యయనం’ ఒకటి, ‘ప్రదర్శన పథకం’ మరొకటి. రెండూ సాధుశబ్దాలే. వినేవారికి ఏ భయమూ కలిగించవు.

పరిశోధన పరిభాషలో పరిశీలనాత్మక అధ్యయనానికి నిర్దిష్టమైన అర్థముంది. జరుగుతున్నదాన్ని పరిశోధకుడు పక్కన నిలబడి నమోదు చేసుకుంటాడు. తాను కలగజేసుకోడు. పొగ తాగేవారికీ తాగనివారికీ మధ్య ఊపిరితిత్తుల వ్యాధి తేడాను లెక్కగట్టడం పరిశీలన. ఎవరికైనా సిగరెట్టు అందిస్తే అది పరిశీలన అనిపించుకోదు. ఖమ్మంలో టీకాను తెచ్చినది, సూది వేయించినది, ఎవరికి వేయాలో నిర్ణయించినది పథకమే. అది రాకపోతే ఆ మూడు మండలాల బాలికల జీవితంలో గార్డసిల్ అనే మాటే వినబడేది కాదు. ఉన్నదాన్ని చూడటం పరిశీలన అయితే, లేనిదాన్ని తెచ్చి చూడటానికి మరో పేరు కావాలి.

ఆ మరో పేరు ‘క్లినికల్ ట్రయల్’ అయితే దాని వెంట బరువైన నియమాలు వస్తాయి. ఔషధ, సౌందర్యసాధనాల నియమావళిలో అప్పట్లో అమలులో ఉన్న షెడ్యూల్ వై ప్రకారం ట్రయల్‌లో పాల్గొనేవారికి విషయం వివరించి లిఖితపూర్వక సమ్మతి పొందాలి. చదవను రాయను రానివారైతే, సమ్మతి ప్రక్రియ మొదలైనది లగాయతు ముగిసేవరకు నిష్పాక్షికుడైన సాక్షి ఉండి సంతకం చేయాలి. పిల్లల విషయంలో తల్లిదండ్రుల లేదా చట్టబద్ధ సంరక్షకుల సమ్మతి తప్పనిసరి. అంతేకాదు, పిల్లలకు వారికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. విషయం గ్రహించగల వయసు పిల్లల నుంచి వేరే పత్రంపై ఒప్పుదల కూడా తీసుకోవాలి. తీవ్రమైన ప్రతికూల ఘటన జరిగితే నిర్ణీత గడువులో తెలియజేయాలి. ‘పరిశీలన’, ‘ప్రదర్శన’ అన్న పేర్లు ఈ బరువును దించాయి. ఇక్కడ నియమాన్ని ఉల్లంఘించవలసిన అవసరం రాలేదు. నియమం వర్తించని పేరును ఎంచుకోవడమే సరిపోయింది.

‘ప్రదర్శన’ అన్న మాట మరో ప్రశ్నను లేవనెత్తుతుంది. ప్రదర్శనకు ప్రేక్షకుడుంటాడు. బడుల ద్వారా ఇంతమంది బాలికలకు టీకా వేయించగలమని నిరూపించి చూపడం పథకం ఉద్దేశాల్లో ఒకటి. చూడవలసినవారు విధాన నిర్ణేతలు. బాలికలు ప్రదర్శనలో ఉన్నారు గాని, ప్రదర్శన వారి కోసం కాదు. జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ చిహ్నం టీకా కార్డులపై కనిపించడం వల్ల ఇది ప్రభుత్వం యథావిధిగా వేసే పోలియో, తట్టు టీకాల వంటిదేనన్న భావం కలిగింది. ఏజెన్సీ గ్రామంలో ఆరోగ్య కార్యకర్త వచ్చి ‘సర్కారు సూది’ అన్నాక ప్రశ్నించే అలవాటు ఎవరికుంటుంది? కార్డులు ఇంగ్లీషులో ఉన్నాయని క్షేత్రపరిశీలకులు నమోదు చేశారు. చిహ్నం చదవగలిగేలా ఉంది, అక్షరం చదవలేనట్లు ఉంది. ఈ రెండూ కలిసి చేసిన పని ఏమిటో విడిగా చెప్పనవసరం లేదు.

ఇదే కాలంలో మన దేశంలో మరో హెచ్‌పీవీ టీకా అధ్యయనం వేరుగా నడుస్తుండేది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో రెండు మోతాదులనూ మూడు మోతాదులనూ పోల్చడానికి రూపొందిన ట్రయల్ అది. ఖమ్మం గొడవ ఫలితంగా 2010 ఏప్రిల్‌లో దానిలో కూడా టీకాలు వేయడం ఆపించారు. అప్పటికి ఒకే మోతాదు తీసుకొని ఆగిపోయిన బాలికలు వేల సంఖ్యలో ఉన్నారు. ఆ తరువాత ఏళ్ళ తరబడి పరిశోధకులు చేసినది వారిని గమనించడమే. అంటే, ట్రయల్‌గా మొదలైనది నిజంగానే పరిశీలనాత్మక అధ్యయనంగా మారింది. ఒక్క మోతాదు కూడా గణనీయమైన రక్షణ ఇస్తుందన్న అవగాహనకు ఈ సమాచారం ముఖ్యమైన ఆధారమయింది. పరిశీలన అని పిలిచినది పరిశీలన కాకపోవడం, ట్రయల్ అని పిలిచినది చివరకు పరిశీలన కావడం – పేరుకూ వస్తువుకూ ఉన్న సంబంధం ఎంత పలుచనిదో ఈ రెండు అధ్యయనాలను పక్కపక్కన పెట్టినప్పుడు తెలుస్తుంది.

3. సంతకం, వేలిముద్ర

సమ్మతి అన్న మాటలో ‘మతి’ ఉంది. కలిసిన బుద్ధి అని దాని వ్యుత్పత్త్యర్థం. చెప్పేవాడి మతీ వినేవాడి మతీ ఒకచోటికి వస్తేనే అది సమ్మతి. అచ్చతెలుగులో ‘ఒప్పుదల’ అంటాం. ‘ఒప్పు’ అంటే సరియైనది అని, ‘ఒప్పుకొను’ అంటే సరియైనదని తనకు తానుగా తీసుకోవడమని అర్థం. ఆ ‘కొను’ అన్న అనుప్రయుక్త ధాతువు చాలా విలువైనది. క్రియాఫలం కర్తకే చెందుతుందని అది చెబుతుంది. ఒకరి బదులు మరొకరు చెప్పగలరు, రాయగలరు, మోయగలరు. ఒకరి బదులు మరొకరు ఒప్పుకోవడం భాషలోనే ఇబ్బందిగా ధ్వనిస్తుంది.

వ్యవహారంలో మాత్రం ఆసుపత్రుల్లో, కార్యాలయాల్లో వినిపించేది వేరు. అక్కడ ‘సమ్మతి తీసుకున్నారు’, ‘సంతకం పెట్టించుకున్నారు’, ‘వేలిముద్ర వేయించారు’ అంటారు. ‘పెట్టు’ కాస్తా ‘పెట్టించు’ అయింది. ప్రేరణార్థకం చేరగానే కర్త స్థానంలోకి అధికారి వస్తాడు, సంతకం చేసే మనిషి సాధనంగా మిగులుతాడు. వాడుకభాష ఇక్కడ నిజాయితీగా ఉంది. ‘సమ్మతి పత్రం’ అన్న గ్రాంథిక సమాసం దాచిపెట్టిన విషయాన్ని ‘పెట్టించుకున్నారు’ అన్న మాట దాపరికం లేకుండా చెప్పేస్తుంది.

పార్లమెంటరీ స్థాయీసంఘం 2013 ఆగస్టులో సమర్పించిన 72వ నివేదిక ఈ పత్రాల లెక్క చెబుతుంది. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన 9,543 పత్రాల్లో 1,948 పత్రాలపై వేలిముద్రలు ఉన్నాయి. 2,763 పత్రాలపై వసతిగృహ వార్డెన్ల సంతకాలు ఉన్నాయి. అంటే అయిదింటిలో ఒకటి వేలిముద్ర. పదింటిలో దాదాపు మూడు, బాలికకు తల్లీ కాని తండ్రీ కాని వ్యక్తి సంతకం. నమూనాగా తీసిన 100 పత్రాల్లో 69 పత్రాలపై సాక్షి సంతకమే లేదు. చాలావాటిపై తేదీ లేదు. తల్లిదండ్రుల్లో పెద్దసంఖ్యలో నిరక్షరాస్యులని, స్థానిక భాషలో రాయడం కూడా రానివారని నివేదిక గుర్తించింది.

సాక్షి లేకపోవడం చిన్న సాంకేతిక లోపంగా కనిపించవచ్చు. నిజానికి ఈ పత్రాల్లో అన్నిటికంటే పెద్ద ఖాళీ అదే. చదవలేనివారికి కాగితంలో ఉన్నది కాగితంలో ఉన్నట్లే చదివి వినిపించారని చెప్పడానికి వేరే ఆధారం ఉండదు. వేలిముద్ర ‘నేను విన్నాను’ అని చెప్పదు. ‘నా వేలు ఈ కాగితానికి తగిలింది’ అని మాత్రమే చెబుతుంది. విన్నదీ లేనిదీ చెప్పగలిగినవాడు సాక్షి ఒక్కడే. సాక్షి లేని వేలిముద్ర, అర్థం లేని శబ్దం వంటిది.

ఏజెన్సీలో వేలిముద్రకు సొంత చరిత్ర కూడా ఉంది. అప్పుపత్రం మీద, భూమి దస్తావేజు మీద చదవకుండా పడిన ముద్రలు ఎన్ని ఎకరాలను గిరిజనేతరుల చేతుల్లోకి చేర్చాయో 1917 నాటి ఏజెన్సీ వడ్డీ, భూబదలాయింపు చట్టం, 1970 నాటి ఒకటో నంబరు నిబంధన పరోక్షంగా చెబుతూనే ఉన్నాయి. జనం నోళ్ళలో ‘ఒకటి ఆఫ్ డెబ్భై’గా నలిగిన ఆ నిబంధన వెనకున్న సూత్రం విలక్షణమైనది. గిరిజనుడు భూమిని గిరిజనేతరుడికి రాసిచ్చినా, ఆ రాత చెల్లదు. చదువులేని మనిషి ముద్ర మీద మాత్రమే ఆధారపడి హక్కులు బదలాయించరాదని రాజ్యం తానే ఒప్పుకున్న ప్రాంతమది. భద్రాచలం ప్రాంతం 1959లో తూర్పుగోదావరి నుంచి ఖమ్మం జిల్లాలో చేరినా, ఆ తరువాత రాష్ట్రాలు మారినా ఈ రక్షణ కొనసాగింది. గిరిజనుడి నేల విషయంలో వేలిముద్రను నమ్మని ప్రభుత్వం, గిరిజన బాలిక దేహం విషయంలో అదే ముద్రను పూర్తి ప్రమాణంగా స్వీకరించింది. భూమికి ఉన్నపాటి రక్షణ శరీరానికి లేకపోవడం ఈ పత్రాలను చదివేవారిని ఆపవలసిన చోటు.

చట్టపు కాగితానికీ పేదవాడి బతుకుకూ మధ్య దూరం తెలుగు సాహిత్య విమర్శకు కొత్త విషయం కాదు. రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’ మీద వచ్చిన చర్చ అంతా దాదాపు ఆ దూరం చుట్టూ తిరిగినదే. కల్పనాసాహిత్యం మీద ఉపయోగించిన ఆ చూపును ప్రభుత్వ పత్రం మీదికి మళ్ళించడంలో విమర్శ ఎందుకో వెనకాడుతూ వచ్చింది.

4. వార్డెన్ తండ్రి అయిన క్రమం

2,763 పత్రాలపై సంతకం చేసిన వార్డెన్లు దొంగచాటుగా చేయలేదు. ఆశ్రమ పాఠశాలల ప్రధానోపాధ్యాయులు తల్లిదండ్రుల బదులు సంతకం చేయాలన్న రాష్ట్రప్రభుత్వ ఆదేశం ఉంది. ఆ ఆదేశం తీవ్ర ఆక్షేపణీయమని స్థాయీసంఘం భావించింది. దానిలోని తర్కాన్ని విప్పి చూడటానికి అలంకారశాస్త్రం ఉపకరిస్తుంది.

‘గంగలో గొల్లపల్లె’ అన్నది లక్షణకు ఆలంకారికులు ఇచ్చే ప్రసిద్ధ ఉదాహరణ. ప్రవాహంలో పల్లె ఉండదు కాబట్టి గంగ అంటే గంగ ఒడ్డు అని గ్రహిస్తాం. ఇందుకు మూడు నిబంధనలు చెప్పారు. ముఖ్యార్థానికి బాధ కలగాలి, గ్రహించే అర్థానికి ముఖ్యార్థంతో సంబంధం ఉండాలి, రూఢి గాని ప్రయోజనం గాని ఉండాలి. గంగ అన్నందువల్ల చల్లదనం, పావనత్వం స్ఫురించడం అక్కడి ప్రయోజనం.

ఖమ్మం ఆదేశంలో ‘తల్లిదండ్రులు’ అన్న పదానికి జరిగినది ఇదే. తల్లిదండ్రులు దూరాన ఊళ్ళలో ఉన్నారు, అందుబాటులో లేరు. ఇది ముఖ్యార్థబాధ. వార్డెన్ పిల్లలకు అన్నం పెట్టిస్తాడు, జ్వరమొస్తే ఆసుపత్రికి పంపుతాడు. ఇది సంబంధం, ఆలంకారికుల మాటలో సామీప్యం. కాబట్టి వార్డెనే తండ్రి. ఒడ్డు గంగ అయినట్లు దగ్గర ఉన్నవాడు కన్నవాడయ్యాడు. ఇక మూడోది ప్రయోజనం. కావ్యంలో లక్షణ వల్ల ప్రయోజనం పొందేవాడు సహృదయుడు. ఇక్కడ ప్రయోజనం ఎవరిది?

ముఖ్యార్థబాధ నిజంగా ఉందా అన్నది మొదట తేల్చుకోవాలి. గార్డసిల్ టీకా అప్పట్లో మూడు మోతాదులుగా ఇచ్చేవారు. మొదటిదానికీ చివరిదానికీ ఆరు నెలల ఎడం. జూలైలో బడి తెరిచి ఉంటుంది, దసరాకు పిల్లలు ఇంటికి వెళతారు, సంక్రాంతికి మళ్ళీ వెళతారు. పైగా ఈ టీకా నివారించే వ్యాధి పదేళ్ళ పిల్లకు రేపో మాపో వచ్చేది కాదు, దశాబ్దాల తరువాతి మాట. అపెండిసైటిస్‌తో విలవిలలాడే బాలికకు అర్ధరాత్రి శస్త్రచికిత్స చేయవలసివస్తే వార్డెన్ సంతకం చేయడం మానవత్వం. ముప్పై, నలభై ఏళ్ళ తరువాత రాగల వ్యాధి కోసం మూడు నెలలు ఆగి తల్లిని అడగలేకపోవడానికి అత్యవసరం కారణం కాజాలదు. ముఖ్యార్థానికి కలిగిన బాధ అంతా పథకపు కాలపట్టికకు కలిగినదే. ప్రయోజనం కూడా దానిదే.

‘సంరక్షకుడు’ అన్న తెలుగు మాట ఈ మార్పిడికి వీలు కల్పించిందని కూడా గమనించాలి. చూసుకునేవాడూ సంరక్షకుడే, చట్టరీత్యా పిల్ల తరఫున నిర్ణయించే హక్కున్నవాడూ సంరక్షకుడే. మొదటిది బాధ్యత, రెండోది అధికారం. ఒకే పదం రెండింటినీ మోస్తున్నందువల్ల బాధ్యత ఉన్నవాడికి అధికారం ఉన్నట్లు తోస్తుంది. వార్డెన్ గిరిజన సంక్షేమశాఖ ఉద్యోగి. పైనుంచి వచ్చిన ఆదేశాన్ని కాదనగల స్థితి అతనికి లేదు. అంటే, ప్రభుత్వం కోరింది, ప్రభుత్వోద్యోగి ఒప్పుకున్నాడు. ప్రశ్నా సమాధానమూ ఒకే గొంతులోంచి వచ్చాయి. దీన్ని సమ్మతి అనడం, అద్దంలో కనిపించిన తన బొమ్మతో సంభాషించడం వంటిది.

వార్డెన్లను దోషులుగా నిలబెట్టడం సులువు, కొన్ని రచనలు ఆ పని చేశాయి కూడా. అది సరికాదు. వందలమంది పిల్లల బాగోగులు చూడవలసిన ఆ చిన్న ఉద్యోగి, సర్కారు టీకా మంచికే వస్తుందని నమ్మి ఉంటే అందులో ఆశ్చర్యం లేదు. అతని చేత సంతకం చేయించవచ్చునని తలచినవారి స్థాయి వేరు.

ఇంతకూ బాలిక ఎక్కడ? పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్ల తన చేతికి పడే సూది దేనికో అడిగి తెలుసుకోగలదు. ఇంట్లో కోయ మాట్లాడి బడిలో తెలుగు నేర్చుకున్న పిల్లకు ‘గర్భాశయ ముఖద్వార క్యాన్సర్’ అన్న ఆరడుగుల సమాసాన్ని విప్పి చెప్పడం కష్టమే, అసాధ్యం కాదు. పత్రాల గురించి సాగిన చర్చలో సంతకం తండ్రిదా వార్డెన్‌దా అన్న వివాదం ముందుకు రావడంతో బాలిక ఒప్పుదల అన్న అంశం వెనక్కి జరిగింది. విమర్శకులు కూడా కొంతవరకు ఆ ఉచ్చులో పడ్డారు.

5. ‘సంబంధం లేని’ మరణాలు

రెండు రాష్ట్రాల్లోనూ కలిపి అధ్యయనంలో ఉన్న ఏడుగురు బాలికలు మరణించారు. పత్రికల్లో ఈ సంఖ్య శీర్షికలకెక్కింది. ‘టీకా’, ‘ఏడుగురు’, ‘మృతి’ అన్న మాటలను పక్కపక్కన పేర్చితే చాలు, కార్యకారణ సంబంధం దానంతట అదే ధ్వనిస్తుంది. వాచ్యంగా ఎవరూ అనకపోయినా పాఠకుడు అనుకుంటాడు. పథకం పేరు అభిధను దాటి తప్పించుకున్నదని ఆక్షేపించేవారు, తమ శీర్షిక వ్యంజనను అడ్డం పెట్టుకొని చేసిన పనిని కూడా అదే కొలతతో కొలవాలి.

కేంద్రప్రభుత్వం 2010 ఏప్రిల్‌లో నియమించిన ముగ్గురు సభ్యుల విచారణసంఘం, నిర్వహణలో లోపాలను పేర్కొంటూనే, మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని నిర్ధారణకు వచ్చింది. క్వారీ నీటిలో మునిగిపోవడం, పాముకాటు, పురుగుమందు తాగడం, మలేరియా వంటివి నమోదైన కారణాలు. వీటిని టీకా ఖాతాలో వేయడం శాస్త్రీయం కాదు. అయితే ‘సంబంధం లేదు’ అన్న పదబంధం చేసిన పనిని కూడా చూడాలి. ఆ మాటతో దస్త్రం మూతపడింది. టీకాకు సంబంధం లేని మరణం ప్రజారోగ్యానికి కూడా సంబంధం లేనిదయింది.

పదేళ్ళు దాటిన ఆడపిల్ల మలేరియాతో చనిపోవడం, పురుగుమందు తాగడం, పాముకాటుకు బలికావడం ఏ ఆరోగ్యశాఖకు సంబంధించిన విషయం? క్యాన్సర్ నుంచి ఆమెను యాభై ఏళ్ళ వయసులో కాపాడదలచిన వ్యవస్థ, పన్నెండేళ్ళ వయసులో దోమ నుంచి కాపాడలేకపోయింది. ఆ మరణాలు అధ్యయనంలో ఉన్నందువల్లనే లెక్కకు వచ్చాయి. లేకపోతే అవి ఏ నివేదికలోనూ ఒక పంక్తి కూడా అయ్యేవి కావు. విచారణ అడిగిన ప్రశ్న సరైనదే. ఆ ప్రశ్నకు బయట మిగిలిపోయినదాన్ని ఎవరూ అడగకపోవడమే కొరత.

6. నివేదిక భాష, న్యాయస్థానం

స్థాయీసంఘం 72వ నివేదిక ఈ ఉదంతంలో అత్యంత సాహసోపేతమైన పాఠ్యం. ఔషధ నియంత్రణ వ్యవస్థ పనితీరును 2012లో తూర్పారబట్టిన 59వ నివేదిక కూడా ఇదే సంఘానిది. ప్రభుత్వ నివేదికల్లో సాధారణంగా కనిపించే ‘గమనించబడినది’, ‘సూచించబడినది’ అన్న ధోరణిని పక్కకు నెట్టి, ఇది కర్తలను పేరుపెట్టి పిలిచింది. పథకం ఉద్దేశం టీకా తయారీదారుల వాణిజ్య ప్రయోజనమేనని తేల్చింది. పాథ్ ఆ నిర్ధారణలను తిరస్కరించింది. వైద్య పరిశోధన మండలినీ, ఔషధ నియంత్రణ సంస్థనూ కూడా నివేదిక వదిలిపెట్టలేదు. విచారణసంఘం సభ్యుల నుంచి ప్రయోజన వైరుధ్య ప్రకటనలు తీసుకోలేదని ఎత్తిచూపింది.

అయినా ఆ నివేదికకు ఒక పరిమితి ఉంది. విదేశీ సంస్థను ప్రతినాయక స్థానంలో నిలపడంతో కథకు బిగువు వచ్చింది. దాని నీడలో రాష్ట్రప్రభుత్వపు పాత్ర పలుచబడింది. వార్డెన్ చేత సంతకం చేయించిన ఆదేశం సియాటిల్ నుంచి రాలేదు, హైదరాబాదు నుంచి వచ్చింది. లాభాపేక్షను నిరూపించడం కష్టం, వాదనకు తావిస్తుంది. సాక్షి సంతకం లేని కాగితాన్ని చూపించడానికి వాదన అక్కరలేదు. ఉద్దేశాల గురించి గట్టిగా మాట్లాడినచోట నివేదిక ప్రత్యర్థికి జవాబు చెప్పే వీలిచ్చింది. కాగితాల గురించి మాట్లాడినచోట ఆ వీలివ్వలేదు. నివేదికలో అసలు బలం అంకెలున్న పేరాల్లోనే ఉంది.

ఈ వ్యవహారం 2012లో ప్రజాప్రయోజన వ్యాజ్యంగా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. కల్పనా మెహతా కేసుగా ప్రసిద్ధమైన ఈ వ్యాజ్యంలో రాజ్యాంగ ధర్మాసనం 2018 మే 9న తీర్పు వెలువరించింది. ఆ తీర్పు విచారించిన ప్రశ్న, పార్లమెంటరీ స్థాయీసంఘం నివేదికను న్యాయస్థానం ఆధారంగా చూడవచ్చునా అన్నది. చూడవచ్చును, అయితే నివేదిక చెల్లుబాటును న్యాయస్థానంలో సవాలు చేయరాదని అయిదుగురు న్యాయమూర్తులు తేల్చారు. రాజ్యాంగశాస్త్రానికి అది విలువైన చర్చ. భద్రాచలం బాలిక సమ్మతి గురించి మొదలైన వ్యాజ్యం, ఆమె గురించి రాసిన కాగితాన్ని చదవవచ్చునా అన్న ప్రశ్నగా రాజ్యాంగ ధర్మాసనం ముందు నిలిచింది. 2009లో పదేళ్ళున్న పిల్లకు ఆ తీర్పు నాటికి ఓటుహక్కు వచ్చింది.

ఈలోగా టీకా ఆగిపోవడానికి కూడా ఒక మూల్యం ఉంది. 2020 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి 1,23,000కు పైగా స్త్రీలు ఈ క్యాన్సర్ బారిన పడుతున్నారు, 77,000కు పైగా మరణిస్తున్నారు. ఖమ్మం అనుభవం మిగిల్చిన అపనమ్మకం వల్ల జాతీయ టీకా కార్యక్రమంలో హెచ్‌పీవీ టీకా చేర్పు ఏళ్ళ తరబడి వెనకబడింది. అడిగి వేయడానికి పట్టే మూడు నెలలను మిగుల్చుకోబోయి దశాబ్దానికి పైగా పోగొట్టుకున్నారు. ఈ లెక్కను టీకా వ్యతిరేకులూ చెప్పరు, పథకాన్ని సమర్థించేవారూ చెప్పరు. దేశీయంగా తయారైన సెర్వావాక్ టీకాకు 2022లో అనుమతి వచ్చింది. 9 నుంచి 14 ఏళ్ళ బాలికలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్ ప్రసంగంలో కేంద్రం ప్రకటించింది.

సమ్మతి విషయంలో నియమాలు కూడా మారాయి. 2013లో సుప్రీంకోర్టు మరో వ్యాజ్యంలో సమ్మతి ప్రక్రియను దృశ్యశ్రవణ రూపంలో రికార్డు చేయాలని ఆదేశించింది. తరువాతి సవరణలతో ఆ నిబంధన పరిధి కుదించుకుపోయింది. 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం, కొత్త రసాయన పదార్థాలపై లేదా కొత్త అణువులపై జరిగే ట్రయల్స్‌లో నిస్సహాయ స్థితిలో ఉన్నవారు పాల్గొన్నప్పుడు ఆ రికార్డింగు తప్పనిసరి. ట్రయల్ కాని ఆరోగ్య పరిశోధనకు నైతిక సంఘం అనుమతి కావాలి గాని ఈ రికార్డింగు అక్కరలేదు. ఇప్పటికే అనుమతి పొందిన టీకాను ఆశ్రమ పాఠశాలలో వేసి, దానికి ‘పరిశీలనాత్మక అధ్యయనం’ అన్న 2009 నాటి పేరే పెడితే, కెమెరా ఆ గదిలోకి రావలసిన పని లేదు.